ఎర్రోడికి విముక్తి

రాయమల్లు తన ఎడ్లను కసాయికి అమ్మబోతున్నాడని భూమవ్వ చేదబావి దగ్గర చంద్రవ్వతో అన్నదట. "పొద్దుగాల్నే రెండిటిని కడిగిండు, కొమ్ములకు నూనె రాసిండు. అమ్మకుంటె గంత సింగారమెందుకు?" అని కూడా అన్నదట. చంద్రవ్వ ఈ మాట ఎవరికీ చెప్పలేదు, ఒక్క తన ఆడబిడ్డకు తప్ప. ఆ ఆడబిడ్డ లింగమూర్తి సేటు ఇంట్లో బియ్యం చెరుగుతుంది. అందువల్ల రాయమల్లు ఊరి పొలిమేర దాటకముందే అతని పాపం అంగడికి చేరిపోయింది.

నిజానికి రాయమల్లు పెట్టుకున్న పని చాలా చిన్నది. ముసలి మైలోణ్ణి గోశాలలో వదిలి, వయసులో ఉన్న ఎర్రోణ్ణి తోలుకుని దీపాలవేళకల్లా ఇంటికి రావాలి. పదకొండేళ్ళు కాడి మోసిన మైలోడికి ఒక కన్ను పోయింది, పండ్లు అరిగిపోయాయి. విత్తనాల కార్తె మిరుగం నాలుగు రోజుల్లో ఉంది. పక్కింటి నాగయ్యదీ ఒంటెద్దే. ఎర్రోణ్ణీ దాన్నీ కలిపి కట్టి ఇద్దరి చెల్కలూ దున్నుకుందామని మాటయింది.

వచ్చిన చిక్కల్లా గోశాల నియమంతోనే. కిందటి వారం రాయమల్లు పోయి అడిగితే, దాని పెద్ద లింగమూర్తి సేటు కస్సుమన్నాడు. "ఇది ముసలెడ్ల సత్రం కాదుర. కసాబు చేతిలకెల్లి ఇడిపిచ్చినయే మా కాడ ఉంటయి." సేటు చెప్పినదానిలో తప్పేమీ లేదు. ముసలి ఎద్దును కట్టేసి గడ్డి వేస్తే చూసేదెవరు? కసాయి చేతిలోంచి విడిపిస్తే డప్పులుంటాయి, దండలుంటాయి, పట్నం పేపర్లో నాలుగు ముక్కలుంటాయి.

అందుకని ఊళ్ళోవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. ముసలి ఎద్దును పశువుల అంగడికి తోలుకుపోయి కసాయి ఖాసింసాబు చేతిలో పగ్గం పెట్టాలి. ఆయన పండ్లు చూసి, తోక ఎత్తి, బేరమాడుతున్నట్టు నిలబడాలి. సేటు మనుషులు వచ్చి అరిచి విడిపించుకుపోవాలి. అంతసేపు దుర్మార్గుడిలా నిలబడినందుకు ఖాసింసాబు తీసుకునేది ఒక బీడీ కట్ట. ఈ సంగతి సేటుకు తప్ప అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండటం సేటుకు తెలుసు.

అంతా బాగానే ఉంది గానీ, జోడు లేకుండా మైలోడు అడుగు వేయడు. గుడ్డి కన్ను వైపు ఎర్రోడి పొట్ట తగులుతుంటేనే వాడికి బాట తెలుస్తుంది. రాయమల్లు ఒక్కణ్ణే తోలి చూశాడు. వాడు వాకిట్లోనే కూలబడి నెమరు వేశాడు. సరే, ఎర్రోణ్ణి కూడా తోడు పంపుదామనుకుని రెండింటినీ తోలుకుపోయాడు.

అంగడిలో ఖాసింసాబు చింతచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. "గీ ఏడాదిల నువ్వు అయిదోవోనివి రాయమల్లన్నా. నా దందా బందై గీ యాక్టింగే మిగిలింది" అన్నాడు. ఎర్రోడి మెడ నిమిరి, "మాషా అల్లా! మెడ సూడు, అద్దం లెక్కున్నది. జర భద్రం" అన్నాడు కూడా.

"బీడీ కట్ట మర్చిన. గిప్పుడే తెస్త, జర పట్టుకో" అంటూ రాయమల్లు రెండు పగ్గాలూ ఆయన చేతిలో పెట్టి దుకాణం వైపు నడిచాడు.

సేటు మనుషులు ఎప్పుడూ పొద్దు వాలాక వస్తారు. ఆ రోజు చంద్రవ్వ ఆడబిడ్డ పుణ్యాన పొద్దెక్కకముందే వచ్చారు. బీడీ కట్టతో తిరిగి వచ్చేసరికి రెండు ఎడ్ల మెడల్లోనూ బంతిపూల దండలు! డప్పులు మోగుతున్నాయి. సేటు బండి ఎక్కి, "ఒకటి గాదు, రెండు పానాలు! ఒక్కటే దినం రెండు పానాలు!" అని చేతులెత్తి చెబుతున్నాడు.

"సేటూ, ఎర్రోడు అమ్మేటిది గాదు. మైలోనికి తోడొచ్చిండు!" అని రాయమల్లు మొత్తుకున్నాడు.

"కసాబు కాడికి తోడొచ్చుడేందిర? వాడేమన్న పెండ్లికొస్తుండా?"

జనం నవ్వారు. ఖాసింసాబుకు మనసు ఒప్పలేదు. ముందుకు వచ్చి, "ఖుదా కసం, గీ ఎర్రదాన్ని నేను అడగలే, ఆయన అమ్మలే" అన్నాడు. కసాయి అంత గట్టిగా ఒట్టు పెడుతున్నాడంటే బేరం ఎంత దూరం పోయిందోనని జనం ముక్కున వేలేసుకున్నారు. ఆయన ఇంకో ఒట్టు పెట్టాడు. దాంతో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

ఇక ఉపాయం బయటపెట్టటమొక్కటే మిగిలింది. రాయమల్లు నోరు తెరిచాడు. జనంలోంచి నాగయ్య అతని కాలు కసుక్కున తొక్కాడు. కిందటి ఏడాది నాగయ్య ముసలెద్దు కూడా ఇట్లాగే విడుదలైంది. అతని వెనక ఇంకో ముగ్గురు నిలబడి కళ్ళతోనే దండం పెడుతున్నారు. నిజం చెబితే ఆ ముసలెడ్లన్నీ సాయంత్రానికి ఇళ్ళకు వస్తాయి. రాయమల్లు నోరు మూసుకున్నాడు. ధర ఇచ్చి కొనటం సేటు పద్ధతి కాదు. పదిమందిలో సిగ్గుపడి యజమానే వదులుకోవాలి.

బీడీ కట్ట మాత్రం ఖాసింసాబు తీసుకోలేదు.

ఇంటికి వస్తే పెళ్ళాం లస్మవ్వ వాకిట్లోనే పట్టుకుంది. "ముసలిదాన్ని ఇడిషిరమ్మంటె కాడే ఇడిషొచ్చినవా? రేపు నన్ను కాడికి గట్టి దున్నుతవా?" ఎద్దు లేనివాడితో పొత్తేమిటని నాగయ్య ఆ సాయంత్రమే వేరే జోడు చూసుకున్నాడు. కాలు తొక్కినంత సేపు కూడా ఆలోచించలేదు. ఊళ్ళో నిప్పు అడిగితే ఇచ్చేవాళ్ళు కరువయ్యారు. భూమవ్వ అయితే, "నేను ముందే అన్న" అని ఇల్లిల్లూ తిరిగింది.

రాయమల్లు సేటు కాళ్ళ మీద పడ్డాడు. సేటు మెత్తబడ్డాడు. "పదిహేను రోజులల్ల కరీంనగర్ నుంచి పశువుల పెద్ద డాక్టర్ వస్తుండు. అందాక గోశాలల సేవ చెయ్యి. ఆయన ముంగట తప్పొప్పుకో. నీ ఎర్రోని పగ్గం నీ చేతిల పెడ్త."

రాయమల్లు పేడ ఎత్తాడు, గడ్డి కోశాడు, గోదారి నుంచి కావడితో నీళ్ళు మోశాడు. మైలోడు మాత్రం సుఖపడ్డాడు. మెత్తటి తవుడు తిని, ఉన్న ఒక్క కన్నూ మూసుకుని పడుకునేవాడు. మిరుగం చినుకులు పడిన రోజు సేటు వచ్చాడు. "ఎర్రోడు నిలబడి నిలబడి కాళ్ళు పట్టుకపోతయి. జర మా చెల్కల తిప్పుకరా" అన్నాడు. తిప్పటానికి కాడి ఎందుకో రాయమల్లు అడగలేదు. ఎర్రోడు వేరేవాడి మాట వినడు గనుక నాగలి కూడా అతనే పట్టాడు. సేటు ఎద్దు పొట్టిది, ఎర్రోడు పొడుగు. కాడి ఒక పక్కకే ఒరిగి ఒరుసుకునేది. గట్టు అవతల సొంత చెల్క ఎండుగడ్డితో వెక్కిరిస్తుంటే, సొంత ఎద్దుతో పరాయి చెల్క పన్నెండు రోజులు దున్నాడు.

డాక్టరుగారు రానే వచ్చారు. కోస్తా మనిషి, తెల్లటి ప్యాంటు, మెత్తటి మాట. ఎర్రోడి మెడ నిండా ఎన్నడూ లేనంత లావు పూలదండ వేశారు. ఎర్రోణ్ణి ఇంటికి తోలుకుపోదామని లస్మవ్వ వాడి గంట ఒళ్ళో కట్టుకుని వచ్చి ఒక పక్కన నిలబడింది.

"చెప్పుర" అన్నాడు సేటు.

"నేను పాపిష్టోన్ని సారూ. బంగారమసొంటి ఎడ్లను కసాబు చేతిల పెట్టిన. సేటు దేవునోలె వచ్చి ఇడిపిచ్చిండు" అన్నాడు రాయమల్లు. విత్తు పడని చెల్క కళ్ళలో మెదిలి, అనుకోకుండానే భోరుమన్నాడు. జనం కూడా కళ్ళు తుడుచుకున్నారు.

సేటు పొంగిపోయి ఎర్రోడి పగ్గం విప్పి రాయమల్లు చేతిలో పెట్టబోయాడు.

"ఆగండి! ఏం చేస్తున్నారు మీరు?" అన్నారు డాక్టరుగారు. "ఇంత ఘోరం చేయబోయానని తన నోటితోనే ఒప్పుకున్నాడు. అలాంటివాడి చేతికి మళ్ళీ నోరులేని జీవాన్ని ఇస్తారా? ఇది ఇక్కడే ఉండాలి. పుస్తకం తీసుకురండి, రాసి సంతకం పెడతాను."

"మీ మాట మీద నడువనా సారూ!" అంటూ సేటు పగ్గాన్ని మళ్ళీ గుంజకు కట్టేశాడు. కాస్త గట్టిగానే కట్టాడు.

రాయమల్లు చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. డాక్టరుగారు ప్రేమగా ఎర్రోడి మెడ నిమురుదామని దండ పక్కకు జరిపారు. జరిపిన చెయ్యి అక్కడే ఆగింది. ఈగలు లేచాయి.

"విశ్రాంతిలో ఉన్న ఎద్దుకు ఇంత పచ్చిపుండేమిటండీ?"

"పాతది సారూ, కసాబు కాడ..." అని సేటు నసిగాడు.

లస్మవ్వ ఒళ్ళోని గంట తీసి గోశాల గద్దె మీద పెట్టి, డాక్టరుగారితో అన్నది:

"గది సేటు చెల్క దున్నిన పుండు సారూ. కసాబు చేతిల వడ్డనాడు లేకుండె."