వాసన బయటికి పోరాదు

యమునకు అన్నిటికన్నా పెద్ద భయం కూతురి ఊపిరి. మూడేళ్ల మనస్వికి ఆయాసం. లోపలికి పోయిన గాలి ఎప్పుడు బయటికి రాకుండా పోతుందోనని తల్లి గుబులు. పరిమళ పరిశుభ్రతా శాఖ భయం ఇంకా పెద్దది: లోపలి ఫినాయిల్ వాసన ఎప్పుడు బయటికి పోతుందోనని.

శుభ్రత కంటికి కనిపించేది కాదని, ముక్కుకు తగిలేదని ఆ శాఖ తేల్చింది. (చీపురుకు వాసన లేదు గనుక దాన్ని పరిగణనలోకి తీసుకోలేదు.) తనిఖీకి ముందు కిటికీ తెరిస్తే ప్రభుత్వ వాసనను దుర్వినియోగం చేసినట్టే.

గోపాల్‌పేట అవతలి అంగన్‌వాడీలో ఆ రోజే తనిఖీ. ఆయా జములమ్మ కిటికీలన్నీ బిగించి ఫినాయిల్ పోసింది. సరిపోదేమోనని బ్లీచింగ్ చల్లింది. మార్కులు తగ్గుతాయేమోనని దాని మీదే బాత్రూంలు కడిగే యాసిడ్ కూడా వంచింది. బండల మీంచి సన్నగా పొగ లేచింది.

బిడ్డను దింపడానికొచ్చిన యమున గడప దగ్గరే ఆగిపోయింది. "అక్కా, జర కిటికీ తెరువు. పోరికి దగ్గు ఆగుతలేదు."

"తెరుస్త గని, వాసనతోని నా నౌకరీ గూడ పోతది. సారు పోయినంక ఎంత గాలన్న పీల్సుకోండ్రి!"

వాసన పరిశీలనాధికారి చంద్రశేఖర్ వచ్చారు. ఏళ్ల తరబడి తనిఖీలు చేసీ చేసీ ఆయన ముక్కు ముందే రిటైరైంది. (మిగతా శరీరానికి ఇంకా సర్వీసుంది.) అందుకని పిల్లల కళ్లు చూసి మార్కులేస్తారు. నీళ్లు కారితే బాగు, ఎరుపెక్కితే చాలా బాగు.

"ఊపిరాడక ఏడుస్తుండ్రు సార్!" అంది యమున.

"ఏడుస్తలేరమ్మా, మెరుస్తుండ్రు," అంటూ ఆయన గుమ్మం బయటే నిలబడి రాసుకున్నారు. మనస్వి దగ్గుకు అదనంగా ఒక మార్కు కలిపారు.

యమున చదువు ఎనిమిదిలోనే ఆగింది. నిబంధనలను గౌరవించేంత చదువు కాదది. బిడ్డను చంకనేసుకుని, మిగతా పిల్లలను రెక్కలు పట్టి వాకిట్లోకి లాగింది. మనస్వి పెదవులు నీలమెక్కుతున్నాయి. ఎవరో ఆటో ఆపారు.

"నువ్వు గూడ రా అక్కా!"

"తనిఖీ ఫొటో నెట్ల ఎక్కెదాక బాధ్యులు లోపలుండాలెనంట," లోపలినుంచి దగ్గుతో కలిసి వచ్చింది జవాబు. "తలుపు దగ్గరికెయ్యి యమునా, వాసన పోతది."

దవాఖానలో మనస్వికి ఆక్సిజన్ పెట్టారు, ఊపిరి కుదుటపడింది. అంగన్‌వాడీ కేంద్రానికి ప్రథమ బహుమతి ప్రకటించారు. నెట్ లేక ఫొటో మాత్రం ఇంకా ఎక్కలేదు. యమున బిడ్డను వదిలి రాలేదు. మీరెవరైనా అటు పోతుంటే, ఆ తలుపు తట్టి జములమ్మ పలుకుతుందేమో జర చూడండి.