ఊరట మాత్రకు సైడ్ ఎఫెక్టులు లేవు

మనిషికి ఏ బాధా గుచ్చుకోకుండా చేసే మాత్ర ఒకటి తయారైంది. దానిని కుళాయి నీళ్లలో కలిపి ఇంటింటికీ సరఫరా చేయవలసిందిగా సంబంధిత అధికారులను సవినయంగా కోరుతున్నాను!

తొందరపడి నవ్వకండి. మా చెల్లెలి సంగతి విన్నాక మీరే సంతకాల సేకరణకు బయలుదేరుతారు.

మా చెల్లెలు ప్లాస్టిక్ కుర్చీల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగి. తయారైన ప్రతి ఇరవయ్యో కుర్చీలోనూ కూర్చోవాలి. ముందుకు ఒరగాలి, వెనక్కు వాలాలి, పక్కకు ఊగాలి. ఏ కాలు వణికినా ఆ ఇరవై కుర్చీలనూ వెనక్కు పంపాలి. పద్దెనిమిదేళ్లుగా ఆమె పని ఇదే. అక్కడ అందరూ ఆమెను జడ్జమ్మ అంటారు. ఆ ఆవరణ మొత్తంలో కూర్చుని తీర్పు చెప్పేది ఆమె ఒక్కతే కదా!

భర్త పోయాక మనిషి బాగా కుంగిపోయింది. అప్పుడే ఆసుపత్రి వారు మనసును తేలికపరిచే కొత్త మాత్ర ఒకదానిపై పరిశోధన చేస్తున్నారని తెలిసింది. పన్నెండు వారాలు మాత్ర ఇచ్చి, మనిషి తీరు ఎలా మారుతుందో రాసుకుంటారట. నేనే దగ్గరుండి పేరు రాయించాను. ఈ ఘనకార్యంలో నా వాటాను దాచుకోను.

న్యాయం చెప్పాలి. మూడో వారానికి ఆమె నిద్రపోయింది, కడుపునిండా తిన్నది. ఆ మేరకు ఆ మాత్రకు రెండు చేతులా దండం పెడతాను.

అక్కడి నుంచి వరాలు వరసకట్టాయి. మేడమీది వాళ్లు ఆరేసిన బట్టలపై దుప్పటి దులిపితే, తలెత్తి చేయి ఊపింది. మరిది మిక్సీ అడిగి పట్టుకెళ్లి మూత మాత్రమే తిరిగి ఇస్తే, "మూతైనా వచ్చిందిలే" అంది. బస్సు ఆపకుండా వెళ్లిపోతే, "పాపం, డ్రైవరుకు ఏం పనుందో!" అంది. ఇంతటి శాంతి తపస్సు చేసినా దొరుకుతుందా?

ఆరో వారంలో కుర్చీలు కూడా బాగుపడ్డాయి! అవే అచ్చులు, అదే ప్లాస్టిక్, అవే కాళ్లు. అయినా ఒక్క కుర్చీ కూడా వెనక్కు పోలేదు. సూపర్‌వైజరు పొంగిపోయి, "జడ్జమ్మగారూ, ఇన్నాళ్లకు మా మీద దయ కలిగింది" అంటూ తన చేత్తో టీ తెచ్చి ఇచ్చాడట. ఒక మాత్ర మనిషిని బాగుచేయడం చూశాం. ఫ్యాక్టరీని బాగుచేయడం ఎక్కడైనా చూశామా?

ఆ కుర్చీలలో ఒకటి ఫ్యాక్టరీ క్యాంటీనుకే చేరింది. వంటావిడ పై అరలోని గిన్నె కోసం దాని మీదికెక్కింది. కాలు మడతపడింది, కుర్చీది. మణికట్టు విరిగింది, వంటావిడది.

నేను పలకరించడానికి వెళితే ఆవిడ బావురుమంది. "పడ్డందుకు కాదండీ పెద్దమ్మగారూ నా ఏడుపు! మీ చెల్లెలు పక్కనే నిలబడి, 'పడ్డావా? సరేలే, లే' అందండీ. పదేళ్ల స్నేహమండీ మాది!"

ఇంటికి వచ్చి చెల్లెలిని నిలదీశాను.

"ఆ కుర్చీ ఊగుతోందని నీకు తెలియలేదా?"

"తెలిసిందక్కా."

"మరి?"

"ఊగనీలే అనిపించింది." ఆ పైన, బస్సు ఎన్నింటికని అడిగినంత మామూలుగా అడిగింది: "తప్పని తెలుస్తోంది గానీ గుచ్చుకోవడం లేదక్కా. వంటావిడ చెయ్యి చూసినా గుచ్చుకోలేదు. అలా ఉండకూడదు కదూ?"

ఇద్దరం పరిశోధన కార్యాలయానికి వెళ్లాం. పరిశోధక వైద్యుడు ఎంతో మర్యాదస్థుడు. ఫారం తీశాడు. మీలో ఏదైనా మార్పు గమనించారా? గమనించింది. ఆ మార్పు మిమ్మల్ని బాధిస్తోందా? మా చెల్లెలికి అబద్ధం చేతకాదు.

"లేదండీ."

టిక్కు పడింది. మాత్ర వేసుకున్న మనిషిని బాధించనిది సైడ్ ఎఫెక్టు కింద జమకాదట. అది నిబంధన.

"నన్ను బాధిస్తోంది, రాయండి" అన్నాను.

"మీరు మాత్ర వేసుకోవడం లేదు కదండీ."

"వంటావిడను బాధిస్తోంది."

"ఆవిడా వేసుకోవడం లేదు కదండీ."

ఎంత పకడ్బందీ పద్ధతి! చెవుల్లో దూది కుక్కి, గోల వినిపిస్తోందా అని అడిగి, ఊరంతా నిశ్శబ్దమని రాసుకోవడం! ఇంతటి శాస్త్రీయతకు మనం తలవంచవద్దా?

ఆ డాక్టరు సలహా ప్రకారమే మా చెల్లెలు మాత్రను మెల్లమెల్లగా తగ్గించి మానేసింది. కొన్ని వారాలకు ఒక ఉదయం కుర్చీలో కూర్చుని, చివాలున లేచి, మధ్యాహ్నానికల్లా అరవై కుర్చీలు వెనక్కు పంపింది. సూపర్‌వైజరు టీ బంద్ అయింది. సాయంత్రం వంటావిడ ఇంటికి వెళ్లి, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. మర్నాడు నన్ను లాక్కుని మళ్లీ ఆ కార్యాలయానికే.

"ఇప్పుడు బాధిస్తోందండీ, రాసుకోండి! నా వల్ల ఒక మనిషి చెయ్యి విరిగింది. లిఫ్టులు చూసేవాళ్లు, బస్సు బ్రేకులు చూసేవాళ్లు రేపు ఈ మాత్ర వేసుకుంటే? వాళ్లకు ముందే చెప్పాలి కదండీ!"

"మీరిప్పుడు పరిశోధనలో లేరమ్మా" అన్నాడు డాక్టరు. అయితే ఆమె కన్నీళ్లను వృథా పోనివ్వలేదు. మాత్ర ఆపగానే పాత జబ్బు తిరగబెట్టిందని రాసుకున్నాడు. మాత్ర అద్భుతంగా పనిచేసిందనడానికి అదే రుజువట!

అంటే వేసుకున్నవారు ఫిర్యాదు చేయరు. ఫిర్యాదు చేసేవారు వేసుకున్నవారు కారు. వచ్చే నెలలో వెలువడే నివేదికలో "సైడ్ ఎఫెక్టులు: లేవు" అని ఉంటుంది. అందులో ఒక్క అక్షరం అబద్ధమని ఎవరైనా అనగలరా?

ప్రశ్నకు పూర్తి వాక్యంలో జవాబు రాయాలని కాన్వెంటులో మదర్ మాకు నేర్పింది. టిక్కుల మీద నాకు గౌరవం తక్కువ. అందుచేత అక్కడికక్కడే జరిగినదంతా ఒక పేజీ రాశాం. మా చెల్లెలు సంతకం చేసింది, సాక్షిగా నేను చేశాను. డాక్టరు ఆసాంతం చదివాడు. చక్కగా నాలుగు మడతలు పెట్టాడు. "దీన్ని పెట్టడానికి మా దగ్గర ఫైలు లేదండీ" అని తిరిగి ఇచ్చాడు.

"బాబూ, ఇదంతా చదివాక మీకేమీ అనిపించడం లేదా?" అన్నాను.

ఆయన నిజాయితీగా ఒక్క క్షణం ఆలోచించాడు.

"లేదండీ."

నాకు జాలి వేసింది. బయటికి వచ్చి, డాక్టరుగారు రోజుకు ఆ మాత్రలు ఎన్ని వేసుకుంటారని నర్సును అడిగాను.

"అయ్యో, ఆయనా?" అంది ఆ అమ్మాయి. "తలనొప్పికి కూడా మాత్ర ముట్టుకోరండీ!"