భేకయ్య తోక

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే అక్కడి ఆఫీసులెక్కడున్నాయో చెప్పడానికే ఒక ఆఫీసు ఉండేది, భేకయ్య అనే కప్ప ఉండేవాడు. వాడి గొంతు చాలా మంచిది. ఈ మాట వాడు చెప్పుకున్నది కాదు, నేను చెబుతున్నది.

కొండ అవతల పెద్ద చెరువు సంగీత సభవాళ్లు ఆ ఏడు తొలకరి కచేరీకి భేకయ్యను పిలిచారు. బుద్ధెరిగినప్పటినుంచీ వాడు కన్న కల అది. తొలి వాన పడేలోపు అక్కడికి చేరాలి. కానీ కొండ దాటాలంటే పాసుపోర్టు ఉండాలి.

పాసుపోర్టు ఆఫీసులో గుమాస్తా కూర్మారావు, తాబేలు. ప్రశ్న అడగడానికి తల బయటికి పెట్టేవాడు. జవాబు వినాల్సి వస్తే లోపలికి లాక్కునేవాడు.

"పుట్టుమచ్చలు రెండు చెప్పు."

"ఒళ్లంతా బుడిపెలేనండి. మీకు నచ్చిన రెండు రాసుకోండి."

కూర్మారావు మొహం చిట్లించి, పుట్టిన కాగితం తీసి చదివాడు. 'పేరు: భేకయ్య. తోక: ఒకటి. కాళ్లు: లేవు.'

"తోకేదీ?"

"చిన్నప్పుడు ఉండేదండి. పెద్దయ్యాక పోయింది."

"పోయినట్టు ఫిర్యాదు ఇచ్చావా?"

"దొంగలెత్తుకుపోలేదండీ! నాలోనే కలిసిపోయింది."

"కలుపుకోమని ఆర్డరెవరిచ్చారు? పోనీ, ఈ నాలుగు కాళ్లెక్కడివి?"

"బాబ్బాబు, నేనే భేకయ్యనండి! మీ ఇంటి వెనక గుంటలోనే పెరిగాను. మీరు రోజూ చూస్తూనే ఉన్నారు కదా!"

"నేను చూశాను. ఆఫీసు చూడలేదు," అని కూర్మారావు తల లోపలికి లాక్కున్నాడు.

భేకయ్యకు ఏడుపొక్కటే తక్కువ. బయట రేగుచెట్టు మీంచి ఒక కాకి, "కావు, కావు" అని పలకరించింది. "నిజం చెబితే ఇక్కడ పనులు కావు. నాతో వస్తే అవుతాయి. కాగితాన్ని నీలా మార్చాలంటే నీ జన్మ చాలదు. నువ్వే కాగితంలా మారిపో. అరగంట పని."

కాకి వెళ్లి బల్లి దగ్గర తోక పట్టుకొచ్చింది. బల్లికేం, మళ్లీ మొలుస్తుంది. ఆ తోకను తుమ్మజిగురుతో భేకయ్యకు అంటించి, కాళ్లు పొట్టకిందికి మడిపించి, నీళ్లున్న కొబ్బరిచిప్పలో కూర్చోబెట్టి కౌంటరు మీద పెట్టింది. తోక ఇంకా గిలగిలా కొట్టుకుంటూనే ఉంది.

కూర్మారావు మొహం విప్పారింది. "ఇదీ భేకయ్యంటే! పొద్దున ఎవడో వచ్చాడు నీ పేరు చెప్పుకుని, దొంగవెధవ!" అని టపీమని ముద్ర కొట్టాడు.

ఆ తిట్టు భేకయ్య మనసులో గుచ్చుకుంది. అయినా పాసుపోర్టు చేతికొచ్చింది కదా అని మింగేసి, గంతులేసుకుంటూ కొండవైపు బయల్దేరాడు. మూడో గంతుకే తోక ఊడిపోయింది.

కొండ సందులో ఎండిపోయిన వాగు దగ్గర వరాహమూర్తి అనే అడవిపంది కాపలా. పాసుపోర్టు చూసి అడ్డంగా నిలబడ్డాడు.

"నీకు కాళ్లు లేవని రాసుందే?"

"ఉన్నాయి కదండీ!"

"అదే కదా నేరం. ఈదుకుంటూ రా, వదులుతాను."

"ఎండిన వాగులో ఈదడమేమిటండీ?"

"అది నా పరిధిలోకి రాదు."

భేకయ్య ఏడ్చుకుంటూ ఇంటికొచ్చి, పాసుపోర్టును గుంటలోకి గిరాటేశాడు.

ఆ మధ్యాహ్నమే తొలకరి విరుచుకుపడింది. గుంట పొంగి వాగులో కలిసింది. గుంటలో ఉన్న తోకకప్ప ఒకటి, ఇంకా కాళ్లు రాని పసిది, తినేదేదో అనుకుని ఆ పాసుపోర్టు నోట కరుచుకుని వరదలో కొట్టుకుపోయింది. కాపలా దగ్గర వరాహమూర్తి వంగి చూశాడు. తోక ఒకటి. కాళ్లు లేవు.

"దయచేయండి, భేకయ్యగారూ!" అని సలాము కొట్టాడు.

సభవాళ్లు తోకకప్పను ఎదురెళ్లి తీసుకొచ్చి తామరాకు మీద కూర్చోబెట్టారు. దానికి బెకబెకలు ఎక్కడొచ్చు? గంటసేపు నోరు తెరుస్తూ మూస్తూ కూర్చుంది. "ఆహా, ఎంత నిండైన నిశ్శబ్దం! పైస్థాయిలో కూడా చెక్కుచెదరలేదు!" అని రసికులు తలలూపారు. శాలువా కప్పారు. ఆ బరువుకు అది బుడుంగున మునిగితే, మంగళం పాడిందనుకుని లేచి నిలబడ్డారు.

ఇవతల భేకయ్య గుంట గట్టున కూర్చున్నాడు. వాన పడుతుంటే పాడకుండా ఉండలేకపోయాడు. ఎంత బాగా పాడాడంటే, కాకి కూడా కాసేపు బేరాలు ఆపింది.

కూర్మారావు తల బయటికి పెట్టాడు. "ఎవడ్రా అది?"

"నేనేనండీ, భేకయ్యని!"

"భేకయ్య మధ్యాహ్నమే కొండ దాటాడు. రిజిస్టర్లో ఉంది. నువ్విక్కడ ఉన్నట్టు కాగితం ఏదైనా ఉందా?"

భేకయ్య పాట ఆపేశాడు. బల్లి ఇంటివైపు గంతేశాడు.

నీతి: ఎదగడం తప్పు కాదు, కాగితానికి చెప్పకుండా ఎదగడమే తప్పు.