కుండీకి ఆరు

ఆ ఉదయం కోడలి పథకం చాలా చిన్నది. పది గంటలకు పెద్ద సైంటిస్టు ఇంటికి వస్తాడు, మేడ మీద కుండీల్లో ఆమె పెంచుతున్న నత్తల్ని చూస్తాడు, రిపోర్టు మీద సంతకం పెడతాడు. సంతకం పడితే ఉద్యోగం పర్మనెంటు. పడకపోతే నెలాఖరుకు ఊడుతుంది. ఆ కంగారులో ఆమె కాఫీలో రెండుసార్లు చక్కెర వేసుకుని, తాగడం మరిచిపోయింది.

"ఏంటమ్మాయ్, అంత దిగులు?" అన్నారు మామగారు.

"సగటున కుండీకి ఆరు నత్తలు మామయ్యా. కాస్త అటూ ఇటూ అయితే ఎవరూ అడగరు. కానీ ఒకదాంట్లో ముప్పై ఉంటే పక్కదాంట్లో ఒక్కటీ లేదు! ఇంత తేడా ఎందుకుందని ఆయన నిలదీస్తాడు," అంటూ ఆమె తయారవడానికి వెళ్ళింది.

మామగారు బస్సు డిపోలో కంట్రోలరుగా రిటైరైన మనిషి. గంటసేపు బస్సు లేకపోవడం, వస్తే మూడూ ఒకేసారి రావడం ఆయన జీవితకాలపు కడుపుమంట. వెంటనే ప్లాస్టిక్ మగ్గు పట్టుకుని మేడెక్కారు. గుంపుగా ఉన్న నత్తల్ని ఒక్కొక్కటే ఊడబీకి ఖాళీ కుండీలకు పంచారు. కిందికి దిగేటప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది.

సైంటిస్టు వచ్చాడు. మొదటి కుండీలో ఆరు. రెండోదాంట్లో ఆరు. ఐదో కుండీ దగ్గర కళ్ళజోడు తీసేశాడు.

"వరసలో నిలబడి టోకెన్లు తీసుకున్నాయామ్మా ఇవి? సగటు ఆరైనంత మాత్రాన ప్రతిచోటా ఆరే ఉండదు. ఎవరో చేత్తో పెట్టారు. నీ రిపోర్టులో ఉన్న ముప్పై ఏదీ?"

కోడలు మూలనున్న కుండీలోకి తొంగి చూసింది. అందులోనూ ఆరే. అత్తగారు అడ్డుపడ్డారు.

"పాతవి చచ్చిపోయాయండీ. ఇవి కొత్తవి."

"అంటే ఆమె లెక్కపెట్టిన నత్తలు లేనే లేవా?"

"అయ్యో, ఉన్నాయండీ... పక్కింట్లో."

"చచ్చిపోయి పక్కింటికి వెళ్ళాయా?"

ఇక మామగారు ఆగలేకపోయారు. "నేనే సర్దాను సార్. మా అమ్మాయి బాధ చూడలేక."

సైంటిస్టు పెన్ను జేబులో పెట్టుకుని మెట్ల వైపు నడిచాడు. కోడలికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంత కష్టమూ ఒక మగ్గు పాలైంది.

"సార్, సాయంత్రం దాకా ఉండండి! వాటంతటవే మళ్ళీ గుంపుకడతాయి. ఒకటి పాకిన జిగట దారినే మిగతావీ పడతాయి."

ఆయన నిలబడి ఆలోచించి, కుర్చీ తెమ్మన్నాడు.

ఆనుకుని ఉన్న కుండీలన్నిటి మీదా ఆమె నీళ్ళు చిలకరించింది. తర్వాత నలుగురూ నత్తల్ని చూస్తూ కూర్చున్నారు. కదలవే! కోడలు లేస్తుంది, కూర్చుంటుంది, మళ్ళీ లేస్తుంది. మామగారి చేతులు మగ్గు వైపు వెళ్ళినప్పుడల్లా అత్తగారు గట్టిగా దగ్గారు.

మధ్యాహ్నం నీడ పడ్డాక ఒక నత్త కుండీ అంచెక్కింది. దాని వెనక ఇంకొకటి. సాయంత్రానికి నడుమనున్న ఒక కుండీ కిటకిటలాడింది. చుట్టుపక్కలవి ఖాళీ.

"పొద్దున ముప్పై ఉన్నది ఏ కుండీ?" అన్నాడు సైంటిస్టు.

"ఆ మూలది సార్." అందులో ఇప్పుడు ఒక్కటే ఉంది.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "నా అనుమానం తీరింది. కొన్ని కుండీలు మంచివి కాబట్టి అక్కడికి చేరుతున్నాయేమో అనుకున్నాను. చోటు మారినా గుంపు తగ్గలేదంటే, ఒకదాన్ని చూసి ఒకటి చేరుతున్నట్టే. జబ్బుల లెక్కల్లోనూ, పురుగుల లెక్కల్లోనూ ఇదే తగాదా, గుంపు చోటు వల్లా, ఒకదాని వెంట ఒకటి రావడం వల్లా అని. అన్నిటినీ సమానంగా పంచి వదిలితేగానీ తేలదు. నీకెందుకు తట్టలేదమ్మా ఈ పరీక్ష?"

సంతకం పడింది. ఆయన మామగారి చేతులు పట్టుకుని అభినందించి మరీ వెళ్ళాడు. కోడలు ఆనందం పట్టలేక అత్తగారిని వాటేసుకుంది.

మామగారు మాత్రం, తను సర్దినవి సర్దినట్టు ఉండనందుకు, ఆ పూట అన్నం ముట్టలేదు.