మునిరత్నమ్మ చరణవిజయము

శేషాచలమునకు దక్షిణమునను, తిరుత్తణి కొండకు ఉత్తరమునను, తిరుపతికి పోవు బస్సులును చెన్నపట్టణమునకు పోవు బస్సులును ఒకదానినొకటి ఒరసికొనుచు ధూళిధూసరితములై పరుగిడు రాజమార్గమునకు కూతవేటు దూరమున, కుశస్థలీనదీతీరమున, ఆకసమును వాసన చూచుచున్న చందమున నిలిచిన ముక్కుకొండ నీడలో, మరమగ్గముల ఘోషచే దిగంతములు మారుమ్రోగుచుండు నగరి యను పట్టణము కలదు. ఎండలు ముదిరి మామిడికాయలు బండ్లకెక్కు కాలమున, తిరుపతి రేడియోవారు శాస్త్రీయసంగీత వారోత్సవమును ప్రకటించిరి. సోమవారము మొదలు ఆదివారము వరకు, ప్రతిదినమును, దీపములు వెలిగించు వేళ ఒక కచేరి.

ఆ ప్రకటన విన్నవారు నగరిలో ఎందరో తెలియదు. విని, వంటయింట గరిటె చేతబట్టి, పోపు మాడుచున్నను ఎరుగక నిశ్చేష్టురాలై నిలిచిన వీరనారి మాత్రము ఒక్కతె. ఆమె పేరు మునిరత్నమ్మ.

ఆమె యెవరనగా: ఇంటి ముందుగదిలో మరమగ్గములు నడుపు కోదండమునకు ధర్మపత్ని, కండెలు చుట్టుటలో మెరుపుతీగను మించిన కరలాఘవము కలది, తెగిన పడుగుపోగును మసకచీకటిలోనైనను వ్రేలికొసతో పట్టి ముడివేయగల సూక్ష్మదృష్టి కలది, అత్తగారగు కుప్పమ్మకు మాత్రలును, మగనికి మజ్జిగయును, శ్రీసిటీ కర్మాగారమున పనిచేయు కుమారుడు హేమచంద్రకు అన్నపు క్యారియరును వేళతప్పక అందించు త్రిముఖసమరవిశారద. బాల్యమున పుత్తూరులో ఒక పంతులమ్మ యొద్ద సరళీస్వరములు నేర్చెను. పెండ్లియైన పిదప ఆ విద్య రేడియో వినుటగా మాత్రము మిగిలెను.

అట్టి మహాసాధ్వి జీవితమున ఒక మహాలోపము కలదు. ఆమెకు చరణములు తెలియవు. కీర్తన అనగా మొదట పల్లవి, పిదప అనుపల్లవి, చివర చరణము కదా. పల్లవిని ఆమె తృప్తిగా వినును. అనుపల్లవి సగమగునప్పటికి ఇంటిలో ఎవరో ఒకరు పిలుతురు. ఆమె లేచి పోవును. తిరిగి వచ్చునప్పటికి వేరొక పాట మొదలై యుండును. ఊరిలోని ప్రతి యింటి గడప వరకు పోయి, ఏ యింటను కూర్చుండి మంచినీళ్లయినను త్రాగక మరలివచ్చు బంధువువలె, ఆమె కర్ణాటకసంగీతమున ఇంతకాలము సంచరించెను.

కావున ఆ సోమవారము ఉదయమున, కుటుంబమంతయు ఇడ్లీలు భుజించుచున్న సభామధ్యమున నిలిచి, ప్రళయకాలమేఘగంభీరస్వరమున ఆమె ఇట్లు ప్రతిజ్ఞ చేసెను.

“ఈ వారమంతా సందకాడ నేను మిద్దిమింద రేడియో ఇంటా ఉంటాను. ఒక్క పాటన్నా చరణం అయ్యేదాకా ఇనాల. ఎవురూ నన్ను పిలవాకండి.”

“నిన్నెవురు పిలుస్తారు మే? పొయ్యి ఇనుకో,” అని కోదండము అభయప్రదానము చేసెను. కుప్పమ్మ తల ఊపెను. హేమచంద్ర నోటినిండ ఇడ్లీ యుండుటచే చేయెత్తి సమ్మతించెను.

ఆ సాయంకాలము, నడుమునకు కొంగు బిగించి, కుడిచేత రేడియోను ఎడమచేత ప్లాస్టిక్ కుర్చీని ధరించి, మునిరత్నమ్మ మిద్దె నధిరోహించి, నీళ్లతొట్టి ప్రక్కన కుర్చీ వేసి, రేడియో తీగను శూలమువలె సాచి తిరుపతి దిక్కునకు గురిపెట్టెను. తోడి రాగము వెలువడెను. పల్లవి యయ్యెను. అనుపల్లవి సగములో నుండగా, మెట్ల క్రిందినుండి అభయమిచ్చిన కంఠమే వినవచ్చెను.

“ఇదో, మే. మూలమగ్గంలో పోగులు తెగినాయి. ఒక్క నిమిషం వచ్చి పో.”

ఆమె దిగెను. ముడులు వేసెను. ఎక్కెను. ‘ఇంతవరకు మీరు వినినది’ అని రేడియోలో ఎవరో చెప్పుచుండిరి.

మంగళవారము కుప్పమ్మ పిలిచెను. “నా మోకాలి తైలం యాడ పెట్టినావు రత్నా?” తైలము కుప్పమ్మ దిండు క్రిందనే యుండెను.

బుధవారము శత్రువు పొరుగు రాష్ట్రమునుండి దండెత్తి వచ్చెను. ఖరహరప్రియ అనుపల్లవి నందుకొనుచుండగా, రాష్ట్రపు ఎల్లలు దాటి ఏదియో తమిళ రేడియో సైన్యము రణభేరీభాంకారములతో చొచ్చుకొని వచ్చి గాయకుని చుట్టుముట్టెను. మునిరత్నమ్మ రేడియోను తూర్పునకు త్రిప్పెను, పడమరకు త్రిప్పెను, తలపై నెత్తుకొనెను, కడకు ఒక చేత తీగను, మరొక చేత నీళ్లతొట్టిని పట్టి, ఒంటికాలిపై ఘోరతపము చేయు మునికాంతవలె నిలిచెను. అట్లు నిలిచినప్పుడు తంబురా కొంచెము వినబడెను. ఆ పిదప చరణము రావలసిన చోట కాంచీపురపు పట్టుచీరల ప్రశంస సాంతముగా వినబడెను.

ఆమె దైన్యమును చూచి హేమచంద్ర గురువారమున తన ఫోనును మహాస్త్రమువలె సమర్పించెను. “దీంట్లో ఇను మా. కరకరా అనదు. తేటగా ఉంటాది.”

తేటగానే యుండెను. అయితే అనుపల్లవి కడపట గానము హఠాత్తుగా ఆగి, ఫోను నడుమ ఒక చిన్న చక్రము ప్రత్యక్షమై, విష్ణుహస్తమునందలి సుదర్శనమువలె గిరగిర తిరుగసాగెను. సుదర్శనము తిరిగి తిరిగి ఎవరి తలనో ఖండించి ఆగును. ఈ చక్రము ఎవరిని ఏమియు చేయక తిరుగుచునే యుండెను. అది ఆగిన మరుక్షణము ఫోను మ్రోగెను. “హేమా, రేపు మనకు ఏ షిఫ్టు అబ్బా?” అని ఒక అపరిచితుడు ప్రశ్నించెను.

శుక్రవారము వచ్చెను. ఆ దినమున కోదండము నూలుకొరకు ఏకాంబరకుప్పము పోయెను. మగ్గములు మౌనము వహించెను. కుప్పమ్మ ప్రక్కింటివారితో గుడికి పోయెను. హేమచంద్ర కర్మాగారమున నుండెను. తమిళసైన్యము కూడ ఆ పూట విశ్రమించెను. మోహనరాగము నిష్కంటకముగా, గాలిలో నూలుపోగువలె సాగివచ్చెను. పల్లవి ముగిసెను. అనుపల్లవి ముగిసెను. ఎన్నడును చూడని ద్వారమున ఆమె నిలిచియుండెను. గాయకురాలు చరణమునకై ఊపిరి తీసుకొనిన సవ్వడి కూడ వినబడెను.

మునిరత్నమ్మ లేచెను.

లేచి, మెట్లు దిగి, వంటయింటిలోనికి పోయి నిలిచెను. పొయ్యి వెలుగుట లేదు. పొయ్యిమీద పాలు లేవు. వాకిట ఎవరును లేరు. తాను ఏల వచ్చెనో ఆమెకు తెలియలేదు. పొయ్యివంక చూచుచు ఆమె అట్లే నిలబడెను. మరల మిద్దె యెక్కునప్పటికి చరణము ముగిసి మృదంగము మ్రోగుచుండెను.

రాత్రి భోజనవేళ ఈ వృత్తాంతము విని కోదండము నవ్వెను. అతడు దుర్మార్గుడు కాడు. అయినను అతడు పలికిన మాట మర్మస్థానమును చీల్చు నారాచమయ్యెను.

“ఈ పొద్దు ఎవురు పిలిసినారు? ఎవురూ లేరే. నువ్వే లేసినావు. నీకు కూసోను రాదు మే.”

ఆమె కంచములు తీసి కడుగబోయెను. ఇన్నాళ్లును శత్రువులు మగ్గమునను, మోకాలి తైలమునను, పొరుగు రాష్ట్రమునను ఉన్నారని తలచెను. శత్రువు తన మోకాళ్లలోనే శిబిరము వేసికొని యున్నాడని ఆ రాత్రి తెలిసికొనెను.

శనివారము ఆమె రేడియోను ముట్టలేదు. కచేరి వేళ వాకిట కూర్చుండి, అక్కరకు మించి కండెలు చుట్టుచుండెను. కుప్పమ్మ కొంతసేపు చూచి అడిగెను.

“ఏం మే, రేడియో పెట్టలేదే?”

“పెట్టి ఏం జేసేది అత్తా. నాకు కూసోను రాదంట.”

కుప్పమ్మ వక్కల డబ్బీ తెరచెను. వక్కపలుకు నోట వేసికొని, నమిలి, పిదప ఇట్లనెను.

“నాకు మాత్రం వచ్చునా? మా అత్త ఉన్నన్నాళ్లూ నేను నిలబడే కూడు తింటి. ఆమె పోయినాక కూడా శానా దినాలు నిలబడే తింటా ఉన్నా. ఎవురూ వద్దనలా. కూసోమనీ ఎవురూ సెప్పలా.”

కండె చుట్టుచున్న చేయి ఆగెను.

“తైలం దిండు కిందే ఉండాదని నాకు తెలుసు మే,” అని కుప్పమ్మ మరింత మెల్లగా పలికెను. “నువ్వు మిద్దిమిందికి పోతే కింద ఏమీ తోసలేదు. అందుకే పిలిస్తిని. రేపు నన్ను గూడా మిద్దెక్కించు.”

ఆదివారము సాయంకాలమున జరిగిన గజారోహణమువంటి మిద్దెయారోహణమును నగరి ప్రజలు తమ తమ మిద్దెలపైనుండి వీక్షించిరి. మోకాళ్ల నొప్పిచే చిరకాలముగా మెట్లెక్కని కుప్పమ్మను కుర్చీపై కూర్చుండబెట్టి, ముందు హేమచంద్రయు వెనుక కోదండమును మోసికొని పోవుచుండగా, ఆమె ఆ సింహాసనమునుండియే ఆజ్ఞలు జారీ చేసెను.

“ఒరే కోదండం, మగ్గాలు ఆపు. పైకెవురూ రాకూడదు. ఉప్మా నువ్వే సెయ్యి.”

“నాకు రాదు మా.”

“అందుకే సెయ్యమంటా ఉండాను.”

కాంభోజి మొదలయ్యెను. అత్తకోడండ్రు ప్రక్కప్రక్కన కూర్చుండిరి. పల్లవి గడచెను. అనుపల్లవి ఆరంభమైన క్షణముననే క్రింద యుద్ధము చెలరేగెను. ముందు మిక్సీ గర్జించి ఆగెను. పిదప ఏదియో పెద్ద పాత్ర బండలపై పడి, దొర్లి, దీర్ఘకాలము మ్రోగి, మ్రోగి నిలిచెను. మాడు వాసన మెట్లెక్కి వచ్చెను. వీధి తలుపు ఎవరో కొట్టిరి. “మా, ఉప్పు యాడ—” అని హేమచంద్ర కంఠము వినబడి, తండ్రి అరచేయి నోటికి అడ్డుపడినట్లు సగములో తెగిపోయెను.

మునిరత్నమ్మ మోకాళ్లు కదలెను. దేహము ముందుకు వంగెను. మడమలు నేలను తన్నెను. అప్పుడు ముడుతలు పడిన కుప్పమ్మ చేయి ఆమె తొడపై వచ్చి పడెను.

“కూసో.”

ఆమె కూర్చుండెను.

చరణము వచ్చెను. అది వాకిలివలె ఇరుకుగా లేదు. లోపలి గదివలె ఉండెను. గాయకుడు అక్కడ తొందరపడలేదు. ఒక మాటను పట్టి, దానిచుట్టు తిరిగి, మెట్టుమెట్టుగా పైకి పోయి, పైన కొంతసేపు ఊరకనే నిలిచి, దిగివచ్చెను. ఆ పాట పల్లవి ఆమెకు చిన్ననాటినుండి తెలిసినదే. దానివెనుక ఇంత ఇల్లు ఉన్నదని మాత్రము తెలియదు. ఆమెకు దొంగతనముగా ఒకరి యింటిలో కూర్చున్నట్లుండెను. పిదప ఆ భయమును అణగెను. మూలమగ్గమును, పాలును, ఉప్పును ఆమెకు గుర్తు రాలేదు.

పాట ముగిసెను. కోదండము నుదుట చెమటయు చొక్కాపై రవ్వయు ధరించి, క్షతగాత్రుడగు యోధునివలె మెట్లపై అగుపించెను.

“అయిందా?”

“అయింది.”

“ఏముండాది ఆ చరణంలో?”

ఆమె రేడియోవంక చూచెను.

“అంతా పాడి, మళ్లా పల్లవికే వచ్చినాడయ్యా.”

“దీనికా ఇంత రభస?”

“దీనికే.”

కోదండము ఆమె ముఖమును చూచి, చొక్కాపై రవ్వను దులుపుకొనెను.

ఉప్మా మాడెను. గిన్నె సొట్టపోయెను. తలుపు కొట్టినదెవరో ఎన్నటికిని తెలియలేదు. అయినను, నగరి పట్టణ వాస్తవ్యురాలు, కోదండము భార్య, కుప్పమ్మ కోడలు, మునిరత్నమ్మ యను వీరనారి ఒకానొక ఆదివారమున ఒక కీర్తనను పల్లవి మొదలు చరణాంతము వరకు కుర్చీనుండి లేవక వినెనని ఎల్లవారును ఎరుగుదురు గాక.

కుప్పమ్మ అప్పటికే నిద్రపోయెను. ఆమె చేయి మాత్రము కోడలి తొడపై ఇంకను బరువుగా నుండెను. రేడియోలో తరువాతి పాట మొదలయ్యెను. కోదండము మిద్దె పిట్టగోడపై ఒక ప్రక్కగా చోటు చూచికొని కూర్చుండెను.