షాండ్లియర్ జాగ్రత్త

గత జులై ఇరవై ఆరున, చర్చి పండగనాడు, మా ఊరి చర్చిలో జరిగినది ప్రమాదం కాదనీ, మాట అర్థంలో దొర్లిన స్వల్ప తేడా మాత్రమేననీ విచారణ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ సంఘంలో నేనూ సభ్యుణ్ణే కనుక దాని నిష్పాక్షికతకు నాదీ పూచీ.

మా గ్రీకువాళ్ళకు ఒక మాట ఉంది: 'సిగా తోన్ పొలియెలెయో'. విడదీసి చెబితే 'షాండ్లియర్ జాగ్రత్త' అని. అర్థం మాత్రం 'అబ్బో, మహా గొప్పేలే!' అని. పొరుగాయన కూతురు లాయరైందా? షాండ్లియర్ జాగ్రత్త. మంత్రిగారు రేవు కట్టిస్తానన్నారా? షాండ్లియర్ జాగ్రత్త. డాక్టరు సిగరెట్లు మానమన్నాడా? అదీ అంతే. ఈ ఒక్క మాటతో మేం ఎన్నో ప్రభుత్వాలనూ, రెండు భూకంపాలనూ నెట్టుకొచ్చాం. నిజంగానే ఒక షాండ్లియర్ గురించి జాగ్రత్త చెప్పాల్సి వస్తుందని ఎవరికీ తోచలేదు.

చర్చి ఊడ్చి దీపాలు వెలిగించే ఎవాంథియా, పండగకు పది రోజుల ముందు నిచ్చెనెక్కి షాండ్లియర్ తుడుస్తూ, దాన్ని మోసే దూలం పొడుగునా చీలి ఉండడం చూసింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి కాఫీ హోటల్ దాకా పరుగెత్తింది. అక్కడ చర్చి సంఘం కొలువుతీరి ఉంది. అధ్యక్షులు థ్రాసీవులోస్‌గారు, కస్టమ్స్‌లో రిటైరైన పెద్దమనిషి, పండగనాటి ఉపన్యాసం మాకు చదివి వినిపిస్తున్నారు.

"మహాజనులారా! నా పదకొండేళ్ళ నిస్వార్థ సేవలో..."

"షాండ్లియర్ జాగ్రత్త!" అని గుమ్మంలోంచి అరిచింది ఎవాంథియా.

కాఫీ కప్పులు దొర్లిపోయేలా నవ్వాం.

"అయ్యో, మిమ్మల్ని కాదు బాబూ! నిజం షాండ్లియరే! దూలం చీలింది!"

"ఓహో, దూలం కూడానా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఆ ఎవరో నేనే. మర్నాటికి ఊళ్ళో ఆ మాట పొడుగైంది: షాండ్లియర్ జాగ్రత్త, దూలం కూడా.

అధ్యక్షులవారిని అవమానించినందుకు ఆమెను మందలిస్తూ తీర్మానం రాశాం. ఆమె ఫాదర్ ఆంథిమోస్‌తో మొరపెట్టుకుంటే, "పరిశుద్ధ స్థలంలో వెటకారాలేమిటమ్మా?" అన్నారు. చివరికి అట్టముక్క మీద అదే మాట రాసి షాండ్లియర్ కింద నిలబెట్టింది. జనం దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. అది తన మీద జరుగుతున్న కుట్ర అని తేల్చి అధ్యక్షులవారు దాన్ని చింపించారు.

పండగనాడు కీర్తన మధ్యలో షాండ్లియర్‌ను పొడుగాటి కర్రతో ఊపడం మా ఆచారం. ఆ కర్ర అధ్యక్షులవారే పట్టారు, సరిగ్గా దాని కిందే నిలబడి. రెండో ఊపుకి పైనుంచి చెక్కపొడి రాలింది.

"షాండ్లియర్ జాగ్రత్త!" అని ఎవాంథియా కేక పెట్టింది. చర్చంతా గొల్లున నవ్వింది. ఇక మాటలతో లాభం లేదనుకుందేమో, ఉరికొచ్చి ఆయన్ను రెండు చేతులా తోసేసింది. ఆ ఇత్తడీ గాజూ అంతా ఆమె కాలి మీద పడింది.

"నన్ను తోసింది! అందరూ చూశారుగా?" అన్నారు, ప్రాణాలతో ఉన్న అధ్యక్షులవారు.

పూలగుత్తి పట్టుకుని సంఘం సభ్యులం ఏడుగురం ఆస్పత్రికి వెళ్ళాం. "ఎవాంథియా! నీ త్యాగాన్ని ఈ ఊరు తరతరాలపాటు..." అని ఆయన అందుకున్నారు.

"షాండ్లియర్ జాగ్రత్త," అంది ఆమె, పిండికట్టు వేసిన కాలు వంక చూసుకుంటూ.

ఏడుగురం తలలకు చేతులు అడ్డం పెట్టుకుని మంచం కిందకి దూరాం. ఆమె నవ్వలేదు. నాకు సిగ్గేసింది.

ఆమె వాడిన మాట సరైనదేననీ, అన్న ధోరణిలోనే తగినంత గాంభీర్యం లోపించిందనీ మా విచారణ నివేదికలో రాశాం. కొత్త షాండ్లియర్ వచ్చింది, పాతదానికన్నా బరువైనది. చీలిక కనబడకుండా రంగు వేయించి, అదే దూలానికి తగిలించాం. దూలం మార్చాలేమోనని మొన్న సమావేశంలో మెల్లగా అన్నాను.

అందరూ నావైపు తిరిగి ఏమన్నారో మీకు చెప్పనక్కర్లేదు. ఈపాటికి మీ నోటికీ వచ్చేసి ఉంటుంది.