మూడు నిమిషాల హైడ్రోజన్

రిటైరైన ఆ సైన్సు మాస్టారిని వీధిలో అందరూ కునుకు మాస్టారనే అంటారు. భోజనమయ్యాక పడక్కుర్చీలో వాలితే చాలు, కిటికీ కర్టెను ఊగినా ఆయనకి కలలో సముద్రమే. ఆ సముద్రాన్ని కాస్తా భార్య టైలరమ్మ బ్యాటరీ వ్యాను తాగేసింది.

కుట్టిన బట్టలు ఇంటింటికీ ఇచ్చి ఆవిడ ఒంటిగంటకి వస్తుంది. వ్యానుకి చార్జింగ్ పెడుతుంది. అది నిండే మూడు గంటలూ ఆవిడ బట్ట కత్తిరిస్తుంది, ఈయన కాజాలు కుట్టాలి. అందుకే మాస్టారు ఒక పన్నాగం పన్నారు.

“హైడ్రోజన్ వ్యాను తీసుకుందామోయ్. మూడు నిమిషాల్లో నిండుతుంది, నువ్వు వెంటనే వెళ్లిపోవచ్చు. పొగ రాదు, ఉత్త నీళ్లే!”

“బ్యాటరీకి ఇంట్లో ప్లగ్గుంది. మరి దానికి?”

“ఊరి చివర పంపుంది.”

“కరెంటు పెట్టి నీళ్లలోంచి హైడ్రోజన్ తీసి, దాంతో మళ్లీ కరెంటు చేసి బండి నడపడమా? ముక్కేదంటే తలచుట్టూ తిప్పి చూపించినట్టుంది.”

“సైన్సు నాకు నేర్పకు.”

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. “సరే. మన వ్యాను సర్వీసుకిచ్చి, వారం అది అద్దెకి తెస్తా. భోజనమవగానే నింపుకొచ్చే పని మీదే.”

మూడు నిమిషాలేగా అని మాస్టారు తలూపారు.

మర్నాడు పంపు దగ్గర ఎనిమిది బండ్లున్నాయి. ఒకటి నిండాక, రెండోదానికి పంపులో మళ్లీ ఒత్తిడి కూడేదాకా అందరూ ఆగాల్సిందే. మాస్టారు ఆకాశం చూశారు. మబ్బులు దిళ్లలా కదులుతున్నాయి. ఆయనా వాటితో తేలిపోయారు. హారన్లకి ఉలిక్కిపడి చూస్తే వెనకున్న నాలుగు బండ్లు ముందున్నాయి. ఇలా రెండుసార్లు జరిగింది.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. పడక్కుర్చీలో టైలరమ్మ నిద్రపోతోంది. మెడలో టేపు, ఒళ్లో సగం కత్తిరించిన జేబు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ పగలు కునుకు తీయడం ఆయనెప్పుడూ చూడలేదు. ఈ హాయంతా తనొక్కడే అనుభవించానని సిగ్గేసింది. చప్పుడు కాకుండా నేలమీద కూర్చుని సూదిలో దారం ఎక్కించారు.

“నిండిందా?” కళ్లు తెరవకుండానే అడిగిందావిడ.

“నిండింది. మన బ్యాటరీయే నయమోయ్, రేపే దీన్నిచ్చేద్దాం.”

“వారానికి మాట్లాడానండీ! ఇంకా ఆరు మధ్యాహ్నాలున్నాయి.” ఆవిడ అటు తిరిగి పడుకుంది. “రేపు మాత్రం కంగారు పడకండి. నిదానంగానే రండి.”